రోబో ఇంప్లాంట్లు: ప్రకటనల్లో చెప్పనివి

సంపాదకులకు,

రోబో సాయంతో దంత ఇంప్లాంట్లు (పోయిన పంటి స్థానంలో దవడ ఎముకలో బిగించే కృత్రిమ వేళ్లు) అమరుస్తామనే ప్రకటనలు పెరిగాయి. 'నొప్పి లేదు, పొరపాటుకు తావే లేదు' అన్న మాటలు నమ్మి రోగులు తొందరపడకూడదనే ఈ లేఖ.

రోబో మేలు నిజమే. ముందుగా త్రీడీ స్కాన్ తీసి, ఎముక మందం, నరం దారి చూసి, ఇంప్లాంట్ ఏ కోణంలో ఎంత లోతుకు దిగాలో కంప్యూటర్‌లో నిర్ణయిస్తారు. డ్రిల్ ఆ హద్దు దాటబోతే యంత్రపు చెయ్యి అడ్డుకుంటుంది. కింది దవడలో నరానికి సాధారణంగా 2 మిల్లీమీటర్ల ఎడం వదలాలి. నరం దెబ్బతింటే పెదవి, గడ్డం నెలల తరబడి మొద్దుబారవచ్చు. అలాంటి చోట ఈ కచ్చితత్వం విలువ ఇంతా అంతా కాదు.

అయితే అమెరికాలో 2016లో అనుమతి పొందిన యోమి రోబోలోనూ డ్రిల్ పట్టుకునేది వైద్యుడే. 2017లో చైనాలో ఒక రోబో తనంతట తానే రెండు ఇంప్లాంట్లు అమర్చినప్పుడూ వైద్యులు పక్కనే ఉన్నారు. యంత్రానికి చోటు చూపేందుకు నోట్లో బిగించిన గుర్తుల పట్టీ కాస్త జరిగినా యంత్రం తప్పు చోటునే కచ్చితంగా తొలుస్తుంది. ఇంప్లాంట్‌ను ఎముక గట్టిగా పట్టుకోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. ఆ గడువును రోబో తగ్గించలేదు. పొగతాగడం, అదుపులేని మధుమేహం, చిగుళ్ల జబ్బు తెచ్చే ముప్పు అలాగే ఉంటుంది.

శస్త్రచికిత్స ఎవరు చేస్తారు, వారి అనుభవమెంత, యంత్రం మధ్యలో మొరాయిస్తే ఏం చేస్తారు, అదనపు ఖర్చెంత అన్నవి సమ్మతి పత్రంలో రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. దంత వైద్య నియంత్రణ సంస్థలు దీన్ని తప్పనిసరి చేయాలి.

– ఒక పాఠకురాలు