సైలెన్సర్లు సరే, ఈసీయూల సంగతేంటి?

సంపాదకుడు గారికి,

ట్రాఫిక్ పోలీసులు మోడిఫైడ్ సైలెన్సర్లను రోడ్డు మీద వరుసగా పేర్చి రోలర్‌తో తొక్కించడం, మర్నాడు ఆ ఫొటోలు పేపర్లో రావడం మామూలైపోయింది. చెవులు చిల్లులు పడే ఆ మోతతో విసిగినవాళ్లందరికీ సంతోషమే, టూ వీలర్ మెకానిక్‌ని కాబట్టి నాకు ఇంకాస్త ఎక్కువ సంతోషం. కాకపోతే ఇప్పుడు బండిలో అసలు మార్పు జరిగేది సైలెన్సర్‌లో కాదు, అరచేతిలో పట్టే ఈసీయూ డబ్బాలో, అంటే ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్‌లో. దాన్ని ఏ రోలరూ తొక్కదు, ఏ చెకింగ్‌లోనూ ఎవరూ అడగరు.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 పొగ నిబంధనలు అమల్లోకి వచ్చాక కార్బురేటర్లు పోయి దాదాపు అన్ని బైకులకూ ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. పెట్రోలు ఎంత చిమ్మాలి, ప్లగ్గులో నిప్పు ఎప్పుడు పడాలి, ఇంజన్ వేగాన్ని ఎన్ని ఆర్‌పీఎం దగ్గర ఆపాలి అన్నీ ఈసీయూలోని పట్టికల్లో ఉంటాయి, వీటినే మ్యాప్ అంటాం. ల్యాప్‌టాప్ తగిలించి కంపెనీ పట్టికలు తీసేసి వేరేవి ఎక్కించడాన్నే రీఫ్లాష్ అంటారు, కుర్రాళ్లు రీమ్యాప్ అంటారు. సీటు విప్పుతారు, బ్యాటరీకి చార్జర్ పెడతారు (మధ్యలో వోల్టేజీ పడిపోతే ఈసీయూ చచ్చి ఊరుకుంటుంది), కాసేపట్లో పని అయిపోతుంది. పైనుంచి చూస్తే బండి షోరూంలోంచి వచ్చినట్టే ఉంటుంది.

ఇదంతా మోసమని నేను అనను. పొగలోని విష వాయువులను తగ్గించే క్యాట్‌కాన్ (క్యాటలిటిక్ కన్వర్టర్) సరిగ్గా పనిచేయాలంటే ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ల గాలి చొప్పున మిశ్రమం ఉండాలి. కంపెనీలు దానికి కట్టుబడి మ్యాప్ రాస్తాయి కాబట్టి కొన్ని బండ్లు తక్కువ స్పీడులో కుదుపు పెడతాయి. బండి పవర్ కొలిచే డైనో యంత్రం మీద పెట్టి ఓపిగ్గా మ్యాప్ మార్చే ట్యూనర్ ఆ కుదుపు తీసేయగలడు. అయితే టర్బో కార్లలో లాగా పవర్ పొంగిపోతుందనుకుంటే పొరపాటు. వేరే ఏమీ మార్చని సింగిల్ సిలిండర్ బైకులో మ్యాప్ ఒక్కటీ మారిస్తే పెరిగేది మామూలుగా కొద్దిపాటి హార్స్‌పవరే. దానికోసం వేలకు వేలు పోస్తున్నారు.

ఈమధ్య మా షెడ్డుకు ఒక కాలేజీ కుర్రాడు 390 సీసీ బండి తెచ్చాడు. "అన్నా, మైలేజీ మొత్తం పడిపోయింది, జర చూడు" అన్నాడు. ప్లగ్గు విప్పితే మసి పట్టి నల్లగా ఉంది. పొగను బట్టి మిశ్రమం సరిచేయడానికి ఈసీయూకు కబురిచ్చే ఆక్సిజన్ సెన్సర్ ఉండాల్సిన చోట బోల్టు బిగించి ఉంది, దాని వైరుకు మాత్రం సెన్సర్ ఉన్నట్టు ఈసీయూను నమ్మించే చిన్న ముక్క తగిలించారు. సైలెన్సర్ ఊపితే లోపల గలగలమంటోంది, అంటే క్యాట్‌కాన్ కరిగి ముక్కలైంది. థ్రాటిల్ వదలగానే పటపటమని పేలేలా మ్యాప్ రాయించుకున్నాడట. ఆ పేలుడు ఊరికే రాదు. కాలని పెట్రోలును కావాలని సైలెన్సర్‌లోకి వదిలి అక్కడ మండించాలి. ఎవరు చేశారంటే పక్క ఊళ్లో ఒక షాపు పేరు చెప్పాడు. బిల్లేదంటే నవ్వాడు.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారేమో. ఆ టెస్టులో బండిని నిలబెట్టి, ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు ఎంతున్నాయో చూస్తారు. తెలివైన ట్యూనర్ ఐడ్లింగ్ జోలికి పోడు, థ్రాటిల్ లాగినప్పటి అంకెలే మారుస్తాడు. నైట్రోజన్ ఆక్సైడ్ల ఊసు ఆ టెస్టులో లేనే లేదు. కొన్నిచోట్ల పైపులో ప్రోబ్ పెట్టకుండానే సర్టిఫికెట్ చేతిలో పెడతారన్నది వేరే గొడవ.

చట్టం లేదా అంటే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కానీ ఇది బండి ఓనరుకు. ఆ సెక్షన్‌లో తయారీదారు, దిగుమతిదారు, డీలరు ఉన్నారు గానీ ల్యాప్‌టాప్ పట్టుకున్న ట్యూనర్ ప్రస్తావన సూటిగా కనబడదు. కుర్రాడు దొరికితే ఇంట్లో తండ్రి జరిమానా కడతాడు, ఆ సాయంత్రం షాపులో ఇంకో బండి సీటు విప్పుతారు.

అమెరికా వాళ్లు అమ్మేవాడి మెడ పట్టుకున్నారు. హార్లే డేవిడ్‌సన్ కంపెనీ తన బైకులకు అమ్మిన సుమారు 3 లక్షల 40 వేల ట్యూనింగ్ పరికరాలు పొగ పరిమితులు దాటిస్తున్నాయని అక్కడి పర్యావరణ సంస్థ కేసు పెడితే, 2016లో 1.2 కోట్ల డాలర్ల జరిమానాకు ఆ కంపెనీ ఒప్పుకుంది. కాలిఫోర్నియాలో 2021 జూలై నుంచి కార్ల పొగ పరీక్షలో ఈసీయూ సాఫ్ట్‌వేర్ కూడా చూస్తున్నారు. కంపెనీది కాకపోయినా, పరీక్షించి అనుమతి నంబరు ఇచ్చిన ట్యూన్ అయితే పాస్ చేస్తారు.

మనకూ అలాంటి దారి కొత్తేం కాదు. కారుకు సీఎన్‌జీ కిట్ పెట్టించుకోవాలంటే ఆమోదం ఉన్న కిట్ ఉండాలి, అనుమతి ఉన్న సెంటర్‌లో పెట్టించాలి, ఆర్‌సీలో రాయించాలి. రీమ్యాప్‌కూ అదే పెట్టొచ్చు. పుణెలో వాహనాలను పరీక్షించే ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ పరీక్షించిన మ్యాప్ అయితే ఎక్కించుకోనివ్వండి. ఇరుంగట్టుకోట్టైలోనో, కోయంబత్తూరులోనో ట్రాక్ మీదే తిప్పే బండ్ల సంగతి వేరు, అవి రోడ్డెక్కనంత కాలం ఎవరికీ ఇబ్బంది లేదు.

బైకు కంపెనీలకూ ఒక మాట. బంకుల్లో ఇప్పుడు పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023కు ముందు కొన్న చాలా బండ్ల మ్యాప్ 10 శాతానికి రాసింది. ఇథనాల్ ఎక్కువైతే పాత లెక్కకు మిశ్రమం పలచబడుతుంది. మామూలుగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ కొంత సర్దుకుంటుంది, ఫుల్ థ్రాటిల్‌లో ఆ సర్దుబాటు ఉండదు. ఈ భయం చూపించే ట్యూనర్లు గిరాకీ లాక్కుంటున్నారు. పాత బండ్లకు సరిపడే మ్యాప్‌ను కంపెనీయే పరీక్షించి సర్వీస్ సెంటర్‌లో ఎక్కిస్తే మాలాంటి మెకానిక్‌లం కూడా కస్టమర్‌ను ధైర్యంగా అక్కడికి పంపుతాం.

ఇవన్నీ ఢిల్లీలో తేలాల్సిన విషయాలంటే, ఈలోపు రెండు రాష్ట్రాల రవాణా శాఖలు ఒక్క పని చేయొచ్చు. ట్యూనింగ్ షాపులను లెక్కగట్టి, ఎవరి బండికి ఏ మార్పు చేసినా రిజిస్ట్రేషన్ నంబరు వేసి బిల్లు ఇవ్వాలని, దాని కాపీ షాపులో ఉంచాలని చెప్పొచ్చు. రేపు ఆ బండి ప్రమాదంలో పడితేనో, ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఆపితేనో, ఎవరు ఏం చేశారో చూపించడానికి ఒక కాగితమన్నా ఉంటుంది.

ఇట్లు,
ఒక టూ వీలర్ మెకానిక్,
హనుమకొండ