రమణకి ఉత్తరం: మ్యాన్‌వే దగ్గర

ఒరేయ్ రమణా,

జవాబు బాగా ఆలస్యమైంది, కోప్పడకు. ఇక్కడంతా కులాసా. చిన్నదాని జ్వరం తగ్గింది, మీ నాన్నగారికి కళ్ళజోడు మార్పించాం.

సౌదీలో జుబైల్ ప్లాంటు షట్‌డౌన్‌లో (మరమ్మతులకి ప్లాంటు ఆపినప్పుడు) నిన్ను వెసెల్ ఎంట్రీల మీద, అంటే పెద్ద ట్యాంకుల్లోకి మనుషుల్ని దింపే పని మీద వేశారని నీ ఉత్తరంలో చదివినప్పట్నుంచీ నా మనసంతా వాటిలో ఉండే నైట్రోజన్ మీదే ఉంది. హెచ్‌టూఎస్‌ (హైడ్రోజన్ సల్ఫైడ్) విషవాయువుకి అందరూ భయపడతారు, కుళ్ళిన గుడ్డు వాసన కాబట్టి. అదీ నూరు పీపీఎం (పది లక్షల్లో నూరు వంతులు) దగ్గర ముక్కుని మొద్దుబార్చేస్తుంది, అది వేరే కథ. నైట్రోజన్‌కి ఆ వాసన కూడా లేదు. మనకి ఊపిరాడట్లేదని తెలిసేది ముఖ్యంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నప్పుడు. నైట్రోజన్ పీలిస్తే ఆ కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే బయటికి పోతుంది, ఒంటికి హెచ్చరికే అందదు. రెండు మూడు ఊపిర్లకే మనిషి కూలిపోతాడు. లోపలికి దిగక్కర్లేదు, మ్యాన్‌వేలో, అంటే మనిషి దిగే మూతిలో, తల పెట్టినా చాలు.

2005 నవంబరులో అమెరికాలో, డెలావేర్ సిటీ రిఫైనరీలో, నైట్రోజన్ పెట్టిన రియాక్టర్ లోపల ఒక టేపు చుట్ట కనిపించింది. ఒకాయన పైమూతి దగ్గర నుంచే తీగతో దాన్ని లాగబోయి లోపలికి వెళ్ళిపోయాడు. కాపాడాలని తోటివాడు దిగాడు. ఇద్దరూ పోయారు. ఒక టేపు చుట్ట కోసం రా! నైట్రోజన్ ఉందని చెప్పే బోర్డు ఆ మూతి దగ్గర లేదు.

అందుకని, నైట్రోజన్ పైపు వాల్వు కట్టేశామంటే ఒప్పుకోకు. వాల్వు లీకవుతుంది. ఫ్లాంజి (పైపులు బోల్టులతో కలిసే చోటు) దగ్గర బ్లైండ్, అంటే దారి మూసే ఇనప పలక, వెయ్యాలి, లేదా స్పూల్, అంటే మధ్యలో పైపు ముక్క, తీసెయ్యాలి. గాలి, నైట్రోజన్ గొట్టాలు తగిలించుకునే యుటిలిటీ స్టేషన్‌లో రెండింటికీ కప్లింగులు ఒకేలా ఉన్నాయేమో నువ్వే వెళ్ళి చూడు. ఒకేలా ఉంటే, గాలనుకుని నైట్రోజనే వదిలేస్తారు. గ్యాస్ మీటర్‌కి పొద్దున్నే బంప్ టెస్ట్ చెయ్యి, అంటే కాస్త టెస్ట్ గ్యాస్ పట్టి పనిచేస్తోందో లేదో చూడు. ముందు ఆక్సిజన్ చూడు, 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి. అది బాగా తక్కువుంటే మండే వాయువుల్ని కొలిచే మామూలు ఎల్‌ఈఎల్ సెన్సారు తప్పు చెబుతుంది. పైన, మధ్యన, అడుగున, మూడు చోట్లా చూడాలి. మీటర్‌కి గాలి లాగే గొట్టం పది మీటర్లుంటే రీడింగ్ నిలకడకి రావడానికి అర నిమిషం పైనే పడుతుంది, తొందరపడకు. భోజనాలయ్యాక మళ్ళీ మొదటి నుంచీ.

మన బావుల్లో పూడిక తీసేవాళ్ళు ముందు లాంతరు దించేవాళ్ళు గుర్తుందా? ఆ జాగ్రత్తే ఇది. కాకపోతే లాంతరు హెచ్‌టూఎస్‌ని పట్టుకోదు, మీథేన్ ఉంటే అంటిస్తుంది.

హోల్ వాచ్, అంటే మూతి దగ్గర కాపలా ఉండేవాడి విషయం అసలైంది. టూల్‌బాక్స్ టాక్ (పని ముందు చెప్పే జాగ్రత్తలు) ఇంగ్లీషులోనో హిందీలోనో అయిపోతుంది. జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళుంటే పక్కకి పిలిచి తెలుగులో మాట్లాడు. "అర్థమైందా" అని అడక్కు, అవుననే అంటారు. "లోపలివాడు పడిపోతే నువ్వేం చేస్తావ్" అని అడుగు. "దిగి లాగుతా" అన్నాడంటే ఆరోజు వాణ్ణి మూతి దగ్గర కూర్చోబెట్టకు. మంచివాడే, ఆ మంచితనమే వాణ్ణి చంపుతుంది. కేకెయ్యాలి, రేడియోలో చెప్పాలి, బయట నుంచే ట్రైపాడ్ విన్చ్‌తో (ముక్కాలి మీది తాడు చుట్టే యంత్రంతో) లాగాలి. అందుకే దిగేవాడికి హార్నెస్ (ఒంటికి కట్టే బెల్టులు) వేసి, తాడు ముందే తగిలించి ఉంచాలి. మ్యాన్‌వే పైన కాకుండా వెసెల్ పక్కభాగంలో ఉంటే ట్రైపాడ్ పనికిరాదు, అప్పుడు రెస్క్యూ టీమ్ బ్రీతింగ్ సెట్లతో...

ఇది పట్టుకొచ్చే మనిషి ఆటో ఎక్కేస్తున్నాడు. ఆవకాయ సీసా అతని దగ్గరే ఉంది. బ్లైండ్ల జాబితా...

నీ,
శీను