అమ్మ మోచేతి నొప్పి గురించి నాన్నగారికి

మెల్‌బోర్న్

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

అమ్మ కుడి మోచేయి నొప్పి ఇంకా తగ్గలేదనీ, ఎవరో చెబితే ఇంజెక్షన్ చేయించాలనుకుంటున్నారనీ చెల్లి చెప్పింది. దయచేసి కొంచెం ఆగండి. నొప్పి సరిగ్గా ఎక్కడ ఉందో ఒక్క వేలితో చూపించమని ముందు అమ్మను అడగండి. ఇక్కడ ఫిజియోథెరపీకి వచ్చేవారిని నేను మొదట అడిగేది అదే.

వేలు మోచేతి బయటి వైపు బుడిపె మీద ఆగి, తడి బట్టలు పిండినా, పట్టకారతో గిన్నె దించినా అక్కడే సలుపుతుంటే అది చాలావరకు టెన్నిస్ ఎల్బో అయి ఉంటుంది. ఆ ఆట ముఖం చూడనివారికే ఇది ఎక్కువగా వస్తుంది. మణికట్టును పైకెత్తే కండరం ఎముకను అంటుకునే చోట అతి వాడకం వల్ల దెబ్బతింటుంది. అమ్మను చేయి చాపి, అరచేయి నేలవైపు ఉంచి, పిడికిలిని పైకెత్తమనండి. మీరు పైనుంచి మెల్లగా కిందికి నొక్కుతుంటే ఆ బుడిపె దగ్గరే కలుక్కుమంటే అనుమానం బలపడుతుంది. నొప్పి లోపలి బుడిపె దగ్గర ఉండి, మణికట్టు లోపలికి వంచినప్పుడు పెరిగితే అది గోల్ఫర్స్ ఎల్బో.

చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతుంటే, అందులోనూ చేయి మడిచి పడుకున్నప్పుడు, ఫోను చాలాసేపు చెవి దగ్గర పట్టుకున్నప్పుడు ఎక్కువైతే, మోచేతి వెనుక నుంచి వెళ్లే అల్నార్ నరం నొక్కుకుంటోందని అనుకోవాలి. మెడ తిప్పగానే నొప్పి చేతిలోకి పాకితే మూలం మెడలో ఉండవచ్చు. మోచేతి కొన ఉబ్బి, ఎర్రబడి, జ్వరం కూడా వస్తే మాత్రం ఆ రోజే డాక్టరుకు చూపించండి. కిందపడిన తరువాత చేయి పూర్తిగా చాపలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. నొప్పితో పాటు ఛాతీ బిగుసుకుని చెమటలు పడితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

టెన్నిస్ ఎల్బోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు హాయినిచ్చినా, ఏడాది గడిచాక చూస్తే చేయించుకోనివారే మెరుగ్గా ఉన్నారని పరిశోధనల్లో తేలింది. అందుకే ఇంత గట్టిగా వద్దంటున్నాను. చాలామందికి ఏడాదిలోపు దానంతటదే నెమ్మదిస్తుంది. అంతవరకు బట్టలు పిండే పని అమ్మకు వద్దు. ఏది ఎత్తినా అరచేయి పైకి ఉంచి, మోచేయి ఒంటికి దగ్గరగా పెట్టుకుని ఎత్తమనండి. అర లీటరు నీళ్ల సీసాతో చేయించాల్సిన వ్యాయామాన్ని ఆదివారం వీడియోలో చెల్లికి నేనే చూపిస్తాను.

మీ పెద్దమ్మాయి