అమ్మ వేషం ఇచ్చారని ఏడ్చిన అమ్మాయి కోసం

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో నటన నేర్చుకోవాలనుకునే యువతకు సలహాలిస్తూ వచ్చిన వ్యాసం చదివాను. అందులో మంచి మాటలు చాలా ఉన్నాయి. ఒక్క మాట మాత్రం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. ఏ ఒక్క తరహా పాత్రకూ అంటుకుపోవద్దని, ముద్ర పడితే నటుడి ఎదుగుదల అక్కడితో సరి అని రాశారు. ముప్పై ఎనిమిదేళ్లుగా నేను నాటకాల్లో అమ్మ వేషాలు వేస్తున్నాను. నా ఇద్దరు పిల్లల చదువులూ ఆ వేషాల మీదే గడిచాయి. అందుకే ఈ ఉత్తరం.

ఈ మధ్య గుంటూరులో ఒక కళాశాల పిల్లలు నాటిక వేసుకుంటూ, పాత్రల ఎంపికకు నన్ను పిలిచారు. వచ్చినవారిలో ఒక అమ్మాయి ఉంది. బరువైన గొంతు, తొందర లేని నడక. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తల కొద్దిగా వంచి చివరిదాకా వింటుంది. నాటికలో నలభై దాటిన పెద్దకోడలి పాత్ర ఆమె కోసమే రాసినట్టుంది. ఆ మాట చెప్పగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. "నేను అంత పెద్దదానిలా ఉన్నానా అమ్మా?" అని అడిగింది. ఇరవై మూడేళ్ల వయసులో నేను అడిగిన ప్రశ్న కూడా అదే.

అది 1987. విజయవాడ గాంధీనగర్‌లో హనుమంతరాయ గ్రంథాలయంలో ప్రదర్శన. చెల్లెలి పాత్ర అనుకుని వెళ్లాను. దర్శకుడు నాతో రెండు పేజీలు చదివించి, కాసేపు ఊరుకుని, "నువ్వు అమ్మవి" అన్నారు. నాకు కొడుకుగా వేసినాయన నాకంటే ఆరేళ్లు పెద్ద. మేకప్ చేసే ఆయన నా కణతల దగ్గర తెల్లరంగు రాస్తుంటే నేను నోరు మెదపలేదు. నాటకం అయ్యాక గుంటూరు వచ్చే చివరి బస్సులో ఏడ్చాను. కృష్ణా బ్యారేజీ దాటకముందే ఒకావిడ చంకలో పిల్లవాడితో, చేతిలో రెండు సంచులతో ఎక్కింది. బస్సంతా ఒకసారి చూసి, నా వరకూ నడిచి వచ్చి, "కాస్త పట్టుకో అమ్మా" అంటూ పిల్లవాణ్ణి నా ఒళ్లో పెట్టింది. నా ముందు సీట్లో నాకంటే పెద్దవాళ్లు ఇద్దరు ఆడవాళ్లు కూర్చునే ఉన్నారు. అంతకుముందు కూడా బస్సుల్లో నాకు ఇలా ఎన్నోసార్లు జరిగిందని అప్పుడు గుర్తొచ్చింది. ముక్కూ మొహం తెలియని తల్లులు నా ముఖంలో చూసిందే దర్శకుడూ చూశాడు. నాకు మాత్రం అది అద్దంలో ఎప్పుడూ కనబడలేదు.

పిల్లలకు నేను చెప్పదలచుకున్నది ఇదే. సినిమావాళ్లు టైపు అంటారు, మేము వేషం అంటాము. దాన్ని మనం ఇంట్లో కూర్చుని ఎంచుకోలేము. అద్దం ముందు నిలబడితే మనకు కనబడేది మన కోరిక. వేషం మాత్రం ముందు ఎదుటివాళ్లకే కనబడుతుంది. కాబట్టి వాళ్లనే అడగాలి. ఇంట్లోవాళ్లనూ స్నేహితులనూ అడిగితే లాభం లేదు, వాళ్లు మన మీద ప్రేమతో చూస్తారు. మనల్ని గంట క్రితమే చూసినవాళ్లను అడగాలి. నేను శిక్షణకు వెళ్లినచోట పిల్లల చేతికి చీటీలు ఇస్తాను. ఎదురుగా నిలబడిన మనిషి నోరు విప్పకముందు, అతను ఏ పని చేసేవాడిలా ఉన్నాడో, ఆ ఇంట్లో ఎన్నో సంతానంలా ఉన్నాడో రాయమంటాను. పదిమందిలో ఆరేడుగురు దాదాపు ఒకే మాట రాస్తారు. ఆ చీటీలు పారేయకుండా దాచుకోమని చెబుతాను. ఫోటోలు కూడా అంతే. ముఖంలోని గీతలన్నీ చెరిపేసి, తెల్లగా నునుపుగా చేయించిన ఫోటోలు పట్టుకొస్తున్నారు. గుమ్మంలోంచి లోపలికి వచ్చే మనిషి ఫోటోలోని మనిషిలాగే ఉండాలి. లేకపోతే పిలిచినవాళ్లకూ నష్టం, వెళ్లినవాళ్లకూ నష్టం.

ఇంకొక సంగతి. ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో నాటకాలు చదవడానికి వెళ్లినప్పుడు నాకు పదహారేళ్ల పిల్లల పాత్రలు ఇచ్చేవారు. మైకు ముందు నా గొంతు వయసు అంత. రంగస్థలం మీద అమ్మను, రేడియోలో చిన్నపిల్లను. ఒకే మనిషికి ఒకచోట ఉన్న వేషం మరొకచోట ఉండకపోవచ్చునని అక్కడే నేర్చుకున్నాను.

మన ప్రాంతంలో ఇది పాత విద్యే. పద్యనాటకాలు కాంట్రాక్టు మీద నడిచే రోజుల్లో పడకసీను కృష్ణుడు వేరు, రాయబారం కృష్ణుడు వేరు. పాత్ర ఒకటే, అయినా అర్జున దుర్యోధనులిద్దరినీ నవ్వుతూ పలకరించే కృష్ణుడికి ఒకరు, నిండు సభలో కౌరవులను హెచ్చరించే కృష్ణుడికి మరొకరు. ఎవరి గొంతు ఎక్కడ పలుకుతుందో నటులను కుదిర్చే కాంట్రాక్టరుకు తెలుసు, టిక్కెట్టు కొన్న రైతుకూ తెలుసు. స్థానం నరసింహారావు గారి సంగతే చూడండి. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషధారి రాకపోతే, ఆ రాత్రి ఆయన చీర కట్టారు. అక్కడ మొదలైన స్త్రీ వేషం సత్యభామ దాకా వెళ్లింది, 1956లో పద్మశ్రీ తెచ్చింది. ఆ రోజు ఆ నటుడు వేళకు వచ్చి ఉంటే ఏమయ్యేదోనని నేను చాలాసార్లు ఆలోచించాను.

గుమ్మడి వెంకటేశ్వరరావు గారిది తెనాలి పక్కన రావికంపాడు. 1927లో పుట్టారు. 1955లో వచ్చిన 'అర్ధాంగి'లో అక్కినేని నాగేశ్వరరావు గారికి తండ్రిగా వేశారు. నిజానికి అక్కినేని ఆయనకంటే పెద్దవారు. ముప్పై నిండని మనిషి తండ్రి వేషం ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి! ఆ నిదానపు గొంతును, ఆ చూపును ఆయన దాచిపెట్టి కుర్రవేషాల వెంట పడలేదు. వాటినే నమ్ముకున్నారు, దశాబ్దాలపాటు తెలుగువారికి తండ్రిగా, అన్నగా నిలిచారు. సూర్యకాంతం గారు గయ్యాళి అత్త తప్ప ఇంకేమీ కాదని అనేవాళ్లు 'గుండమ్మ కథ' మరొకసారి చూడాలి. ఆ ఎడమచేయి విసురు వెనక, ఎవరు ఏం చెప్పినా నమ్మేసే అమాయకురాలు కనబడుతుంది. గయ్యాళితనం ఒక్కటే, కానీ ఆవిడ వేసిన అత్తలు ఒక్కరు కారు.

ముద్ర పడడానికీ మూసలో పడడానికీ తేడా అక్కడ ఉంది. నా అనుభవం చెబుతాను. ఒకసారి మిరపకాయల పనికి వెళ్లే తల్లి పాత్ర వచ్చింది. అప్పటికి నేను వేసిన అమ్మలందరూ కొంగుతోనే కళ్లు తుడుచుకున్నారు. గుంటూరులో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గర నాలుగు రోజులు కూర్చున్నాను. ఘాటుకు అందరి కళ్లలోనూ నీళ్లే. అయినా ఒక్కరూ కంటి దగ్గరకు వేలు పోనివ్వరు, వేళ్ల నిండా కారం కాబట్టి. మోచేయి పైకెత్తి, ముఖం పక్కకు తిప్పి, భుజానికి కన్ను రాసుకుంటారు. ఇంటికి వెళ్లాక కూడా అలవాటుగా అలాగే చేస్తారట. అన్నం కలిపే చేతిని మొదట రెండుసార్లు బియ్యం కడిగిన నీళ్లలో ముంచుతామని ఒకావిడ చెప్పింది. నాటకంలో కొడుకు ఇల్లు వదిలి వెళ్లే ఘట్టం ఉంది. నేను మాటలు తగ్గించమని అడిగి, మోచేయి ఎత్తి కన్ను భుజానికి రాసుకున్నాను. ఆ రాత్రి శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో వెనక వరసల్లోంచి ఒక ముసలాయన గట్టిగా "అయ్యో తల్లీ" అన్నాడు. అది కూడా అమ్మ వేషమే. అంతకుముందు నేను ఎరగని అమ్మ.

ముద్రను ఎదురు తిప్పి కూడా వాడుకోవచ్చు. ఒక నాటికలో నేను వడ్డీ వ్యాపారి భార్యను. బాకీ తీర్చలేని కుర్రవాడితో ఇల్లు ఖాళీ చేయమని చెప్పాలి. గొంతు పెంచమని దర్శకుడు అన్నారు. నేను నా అమ్మ గొంతుతోనే, "అన్నం తిన్నావా నాయనా?" అని అడిగి, ఆ తర్వాత ఆ మాట చెప్పాను. అరిచి ఉంటే అంత భయం పుట్టేది కాదు. కుటుంబ కథానాయకుడిగా ఏళ్ల తరబడి చూసిన జగపతిబాబు గారు 2014లో ప్రతినాయకుడిగా తెర మీదికి రాగానే జనం ఉలిక్కిపడడం వెనక ఉన్నది కూడా ఇదే. మన కంకిపాడు మనిషి కోట శ్రీనివాసరావు గారు 1985లో 'ప్రతిఘటన'లో భయపెట్టారు, 1987లో 'అహ నా పెళ్ళంట'లో పిసినారిగా నవ్వించారు. రెండింటిలోనూ ఉన్నది ఆ ఒక్క మనిషే.

ఒక విషయంలో మాత్రం వ్యాసకర్త బాధే నా బాధ కూడా. కొందరు ముద్ర పేరు చెప్పి మనుషులను తలుపు బయటే ఆపేస్తున్నారు. నల్లగా ఉంటే పనిమనిషి, తెల్లగా ఉంటే కలెక్టరు అని పంచిపెడుతున్నారు. నాతో పాటు నాటకాలు వేసిన ఒక అమ్మాయిని, సంభాషణ ఒక్కటి కూడా చెప్పించకుండా రంగు చూసి పంపేశారు. అది పాత్ర ఎంపిక కాదు, అన్యాయం. వేషం మనిషి నడకలో, చూపులో, వినే తీరులో, మాట ఆపే చోట ఉంటుంది. చర్మం రంగు చూసి దాన్ని తేల్చేవాళ్లకు ఆ కుర్చీలో కూర్చునే అర్హత లేదు.

మీ పత్రిక ద్వారా గుంటూరు, విజయవాడ నాటక పరిషత్తుల నిర్వాహకులను ఒకటి కోరుతున్నాను. పోటీలు ముగిశాక బహుమతులు ఇచ్చి, శాలువాలు కప్పి, బస్సు వేళ అయిందని అందరూ వెళ్లిపోతున్నాము. ప్రతి ప్రదర్శన మర్నాడు ఉదయం ఒక గంట కేటాయించండి. న్యాయనిర్ణేతలు నటీనటులను ఒక్కొక్కరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తమకు ఆ మనిషిలో ఏం కనబడిందో దాపరికం లేకుండా చెప్పాలి. మార్కులు వద్దు, పొగడ్తలు వద్దు. కొత్తగా వస్తున్న పిల్లలకు ఆ మాట చెప్పేవాళ్లు దొరకడం లేదు. నాకైతే ఆ రాత్రి బస్సులో పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టినావిడ దొరికింది.

ఆ కళాశాల అమ్మాయి పెద్దకోడలి పాత్ర ఒప్పుకుంది. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి మా ఇంటికి వస్తానంది. తొడిమలు తీసేవాళ్ల దగ్గరకు ఇద్దరం కలిసి వెళ్తున్నాము.

ఇట్లు
ఒక రంగస్థల నటి,
బ్రాడీపేట, గుంటూరు