డీఐ బాక్స్ ఇచ్చిన అక్కకి

నేను సొంతంగా మిక్సింగ్ చేసిన మొదటి షో అది. సౌండ్‌చెక్‌లో కీబోర్డ్ ఫేడర్ పైకి తీయగానే స్పీకర్లలో ఒకటే హమ్. కేబుల్ మార్చాను, ఛానల్ మార్చాను, పోలేదు. "సౌండ్ ఇంజినీర్ గారిని పిలవమ్మా" అన్నాడు నిర్వాహకుల్లో ఒకాయన. నేనేనండీ అన్నా నమ్మినట్టు లేడు. నాకు చేతులు వణకడం మొదలైంది.

అప్పుడు వచ్చారు మీరు. మెళ్ళో హెడ్‌ఫోన్స్ చూసి, వేరే బ్యాండ్ ఇంజినీర్ అనుకున్నాను. మీరు కన్సోల్ మీద చెయ్యి వెయ్యలేదు. మూలలు అరిగిపోయిన డీఐ బాక్స్ (కీబోర్డ్ లాంటి వాయిద్యాన్ని కన్సోల్‌కి కలిపే చిన్న పెట్టె) ఒకటి నా చేతిలో పెట్టి, "గ్రౌండ్ లూప్‌లా ఉంది, లిఫ్ట్ స్విచ్ నొక్కి చూడు" అని నాకు మాత్రమే వినపడేలా చెప్పారు. కీబోర్డ్‌కీ కన్సోల్‌కీ మధ్యలో బాక్స్ పెట్టి స్విచ్ నొక్కాను. హమ్ ఠక్కున ఆగింది. పరికరాల గ్రౌండ్ వైర్లు చుట్టులా కలిస్తే హమ్ వస్తుందని, ఆ గ్రౌండ్ కలవకుండా చేస్తే లూప్ తెగుతుందని నేనూ చదువుకున్నదే! టెన్షన్‌లో బుర్రకి తట్టలేదంతే.

అంతలో ఆ నిర్వాహకుడు మీ దగ్గరికే వచ్చి, "మేడం, మీరే కూర్చోండి కాస్త" అన్నాడు. "ఇంజినీర్ ఆవిడే. ఏం కావాలన్నా ఆవిణ్ణే అడగండి" అని, కుర్చీ నా వైపు జరిపి మీరు వెళ్ళిపోయారు.

షో బాగానే జరిగింది. రెండో పాటలో గాయనికి మానిటర్ (స్టేజీ మీద తన పాట తనకి వినిపించే స్పీకర్) సరిగ్గా వినపడలేదు, అది నా తప్పే. అయిపోయాక వెతికితే మీరు లేరు, పేరైనా అడగలేదు. చాలా థాంక్స్ అక్కా. మీ బాక్స్ నా బ్యాగ్‌లోనే ఉంది, అడుగున పచ్చ టేపు అంటించిందే.