రాత్రి భోజనం మానవద్దు

విజయవాడ.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం శనివారం అందింది. మూడు నెలలుగా ఒక్క వారం కూడా మానకుండా సాయంత్రం జిమ్‌కు వెళ్తున్నావని తెలిసి ఎంత సంతోషించానో, ఎనిమిదిన్నరకు ఇల్లు చేరి గ్లాసుడు మజ్జిగతో సరిపెట్టుకుని పడుకుంటున్నావని చదివి అంత బాధపడ్డాను. చీకటి పడ్డాక తిన్నదంతా కొవ్వుగా మారుతుందని నీకు ఎవరో గట్టిగా చెప్పినట్టున్నారు. రెండేళ్ల క్రితం నేనూ అదే మాట నమ్మి, రెండు నెలలు అచ్చం నీలాగే గడిపాను కాబట్టి ఈ ఉత్తరం కాస్త వివరంగా రాస్తున్నాను.

గడియారం ఎనిమిది దాటినంత మాత్రాన అన్నం కొవ్వుగా మారదు. రోజు మొత్తం మీద, ఇంకా చెప్పాలంటే వారం మొత్తం మీద, ఖర్చు చేసే శక్తి కన్నా తక్కువ తింటేనే శరీరం నిల్వ ఉన్న కొవ్వును కరిగించుకుంటుంది. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి కాబట్టి రోజుకు నాలుగైదు వందల కేలరీలు తగ్గించుకున్నా ఒక కిలో తగ్గడానికి రెండు వారాలకు పైనే పడుతుంది. అందువల్ల ఆరునెలలైనా విసుగు లేకుండా కొనసాగించగలిగే పద్ధతి కావాలి, పస్తుతో అది సాధ్యం కాదు.

నా అనుభవమే చెబుతాను. మజ్జిగ తాగి పడుకున్న రాత్రి పదకొండు గంటలకు కడుపు నకనకలాడుతూ మెలకువ వచ్చేది. వంటింట్లోకి వెళ్లి డబ్బాలో ఉన్న వేయించిన వేరుసెనగపప్పు గుప్పెడు తినేవాణ్ణి, అది చాలక ఇంకో గుప్పెడు. గుప్పెడు పప్పులో, అంటే 30 గ్రాములలో, సుమారు 170 కేలరీలు ఉంటాయి. రెండు గుప్పెళ్లు తిన్న నాడు, మానేసిన భోజనంలో ముప్పాతిక వంతు వెనక్కి వచ్చినట్టే. పైగా ఉదయం నీరసం, మరుసటి సాయంత్రం బరువులు ఎత్తలేకపోవడం. రెండు నెలల తర్వాత చూస్తే నడుము చుట్టుకొలత తగ్గలేదు కానీ చేతులు సన్నబడ్డాయి.

చేతులు సన్నబడటానికి కారణం నాకు తర్వాత అర్థమైంది. బరువులు ఎత్తిన తర్వాత కనీసం 24 గంటల పాటు కండరాలు తమను తాము బాగుచేసుకునే పనిలో ఉంటాయి, ఆ పనికి ప్రొటీన్ కావాలి. తిండి తగ్గించినప్పుడు ప్రొటీన్ కూడా తగ్గితే, శరీరం కొవ్వుతో పాటు కండరాన్ని కూడా కరిగించుకుంటుంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సాధారణ పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చెబుతుంది. బరువులు ఎత్తుతూ కొవ్వు తగ్గించుకునేవారికి అంతకన్నా ఎక్కువ, 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా, మేలు చేస్తుంది. మీ జిమ్‌లో అంటగట్టబోతున్న పెద్ద డబ్బా పొడి కొనాలా అని అడిగావు. కొనవద్దు. ఆ సంస్థే 2024 మార్గదర్శకాల్లో కండలు పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దని సూచించింది, మన వంటింట్లో లేనిదేమీ అందులో లేదు.

ఇప్పుడు నా రాత్రి భోజనం ఎలా ఉంటుందో రాస్తాను, నీకు నచ్చినట్టు మార్చుకో. రెండు జొన్న రొట్టెలు, ఒక గిన్నె చిక్కటి తోటకూర పప్పు, ఉడికించిన గుడ్లు రెండు, చివర కొంచెం పెరుగు. ఇందులో దాదాపు 30 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. రొట్టెల బదులు అన్నమే కావాలంటే మానవలసిన పని లేదు. వండిన అన్నం 100 గ్రాములకు 130 కేలరీలే, కాబట్టి ముందు కూర, పప్పు వడ్డించుకుని తర్వాత అన్నం కొలిచి పెట్టుకుంటే చాలు. నేను నిజంగా జాగ్రత్త పడేది నూనె విషయంలో. ఒక పెద్ద చెంచాడు నూనెలో 120 కేలరీలు ఉంటాయి, వేపుడు చేసేటప్పుడు మూడు నాలుగు చెంచాలు ఎలా పడిపోతాయో తెలియనే తెలియదు. మా ఇంట్లో దొండకాయ వేపుడును వారానికి ఒక్కరోజుకు తగ్గించాక వచ్చిన మార్పు, నేను పస్తులున్న రెండు నెలల్లో రాలేదు.

తిన్న వెంటనే మంచమెక్కితే ఛాతీలో మంట వస్తుంది, నిద్ర కూడా సరిగ్గా పట్టదు. తొమ్మిదికల్లా తిని, పదిన్నరకు పడుకో. జిమ్‌కు వెళ్లే గంట ముందు ఒక అరటిపండో గుప్పెడు ఉడికించిన సెనగలో తింటే, ఇంటికి వచ్చేసరికి విపరీతమైన ఆకలి ఉండదు.

ఇంకొక మాట. మీ నాన్నగారు కూడా నీతో పాటు రాత్రి భోజనం మానేశారని రాశావు. ఆయన షుగరు మాత్రలు వేసుకుంటారు కదా, భోజనం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరుగారిని అడగకుండా ఆయనను ఒక్క రాత్రి కూడా అలా ఉండనివ్వకు, ఈ ఉత్తరం చదవగానే ఆ సంగతి చూడు.

రేపటి నుంచే మొదలుపెట్టు. ప్రతి ఆదివారం ఉదయం, ఏమీ తినకముందు, బొడ్డు దగ్గర టేపుతో కొలిచి రాసి పెట్టుకో. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ కాగితం వెంట తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు
నీ మిత్రుడు