ఎల్‌కేజీ పిల్లల చదువుని నోటుబుక్కుతో కొలవకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను చిత్తూరులో 11 ఏళ్ళుగా ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకి చెప్తా ఉండే టీచర్ని. మీ పేపర్లో టెన్త్ ర్యాంకుల గురించి, ఇంటర్ రిజల్ట్స్ గురించి పేజీలకి పేజీలు వస్తాయి కానీ నాలుగైదేళ్ళ పిల్లలు క్లాసులో రోజంతా ఏం చేస్తా ఉండారో ఎవరూ రాయరు, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైతే ఏమీ అనుకోవద్దండి.

పోయినేడాది మా క్లాసులో ఒక పిల్లోడు చేరినాడు. వన్ నుంచి హండ్రెడ్ దాకా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేస్తాడు, వాళ్ళమ్మకి ఎంత సంతోషమో, ఇంటికి ఎవరొచ్చినా చెప్పించేదంట. ఒకరోజు మధ్యాహ్నం అన్నాలప్పుడు, నాయనా ఆ బల్ల మీద నుంచి 6 గ్లాసులు తీసుకురా అంటే రెండు చేతుల్లో పట్టినన్ని తెచ్చి నా ముందర పెట్టి, ఎన్ని తెచ్చినావు అని అడిగితే హండ్రెడ్ అన్నాడు. వాడి తప్పేం లేదు. వాడికి అంకెలు ఒక పాట మాదిరిగా వచ్చు అంతే, ఒక్కో మాటకి ఒక్కో వస్తువు అని ఎవరూ వాడి చేతికి ఇచ్చి చూపించలేదు.

నేను చేసిన పని చాలా చిన్నది. కోడిగుడ్ల అట్ట ఉంటుంది కదా, 30 గుడ్లది, దాన్ని మూడు ముక్కలుగా కోస్తే రెండు వరసలు, వరసకి 5 గుంటలు వస్తాయి, అంటే ఒక్కో ముక్కకి 10. గుప్పెడు చింతపిక్కలు ఇచ్చి ఒక గుంటకి ఒకటే వెయ్యి అని చెప్పినాను. మన అవ్వలు 14 గుంటలతో ఆడిన వామనగుంటలాటే ఇది, కాకపోతే చిన్నది. 7 పిక్కలు వేస్తే పై వరస నిండి కింద 2 పడతాయి, 3 గుంటలు ఖాళీగా కనిపిస్తాయి, ఏడుకి మూడు కలిస్తే పది అని నేను నోరు తెరిచి చెప్పాల్సిన పనే లేదు, పిల్లలే చెప్తారు. రెండు నెలల్లో వాడు 5 పిక్కల్ని లెక్కపెట్టకుండా చూడంగానే ఐదు అనేస్తా వచ్చినాడు. ట్రైనింగ్ లో పిల్లల బుద్ధి ఎట్లా ఎదుగుతుందో పరిశీలించిన పియాజే అనే శాస్త్రవేత్త గురించి చదివినప్పుడు పరీక్ష కోసమే చదివినాను, ఆరు గుండీలు దగ్గరగా పెడితే తక్కువ, ఎడంగా పెడితే ఎక్కువ అని చిన్నపిల్లలు అనుకుంటారని, కానీ క్లాసులో నా కళ్ళతో చూసినాక అర్థమైంది ఈ వయసులో లెక్కలంటే చేతిలో ఉండాల్సిందే అని.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇంగ్లీష్ మీడియం అయినా సరే అంకెలు తెలుగులో కూడా చెప్పించండి. పదమూడు అంటే దాంట్లోనే పది, మూడు వినిపిస్తాయి, ఒక అట్టముక్క నిండినాక రెండో ముక్కలో మూడు పిక్కలు అని కంటికి కూడా కనిపిస్తుంది. ఇంగ్లీష్ లో థర్టీన్, థర్టీ రెండూ ఒకేలా వినపడి మా పిల్లలు ప్రతి ఏడాదీ కలిపేసుకుంటారు. తెలుగులో పదకొండు, పన్నెండు దగ్గర కొంచెం తికమక ఉంది, అది నిజమే, మిగతావి తేలిక.

చదవడం సంగతి కూడా ఇంతే. మా ఊళ్ళో కొన్ని ఇళ్ళల్లో తమిళం మాట్లాడతారు, కొందరు ఉర్దూ, తెలుగు ఇళ్ళల్లో పిల్లలు ఉండాది, వచ్చినాడు అంటారు, పుస్తకంలో ఉంది, వచ్చాడు అని ఉంటుంది. అలాంటి పిల్లోడికి మొదటి వారంలోనే పెన్సిల్ ఇచ్చి అ నుంచి ఱ దాకా రాయమంటే, ఎప్పుడో గానీ వాడని ఋ కూడా రాయమంటే ఏం ఎక్కుతుందండి. నేనైతే ముందు చప్పట్లు కొట్టిస్తాను. తి-రు-ప-తి నాలుగు చప్పట్లు, కా-ణి-పా-కం నాలుగు, న-గ-రి మూడు. చిత్తూరు, పుత్తూరు అని చెప్పి ఏం మారింది అంటే ముందుది మారింది మేడం అని అరుస్తారు, ఆ చెవి వచ్చేస్తే అక్షరం దానంతట అది అతుక్కుంటుంది. కథ చెప్పి సగంలో ఆపి తర్వాత ఏమైందో మీరే చెప్పండి అంటాను, పది మాటలు కలిపి చెప్పడం రాని పిల్లలు పదం రాసి మాత్రం ఏం చేస్తారు. రాత అంటారా, ఇసుకలో వేలితో, పలకపై సుద్దతో, చుక్కలు పెట్టి చిన్న ముగ్గు, మట్టి పిసకడం, ఇవన్నీ రాతకి తయారీనే. నాలుగేళ్ళ పిల్లోడి మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు, వాడి చేత రోజుకి నాలుగు పేజీలు రాయిస్తే పెన్సిల్ ని పిడికిలితో పట్టుకుంటాడు, ఆ పట్టు తర్వాత మార్చాలంటే మాకు తాతలు దిగొస్తారు.

మరి ఇంత తెలిసీ ఎందుకు రాయిస్తా ఉండారు అంటే నోటుబుక్కు కోసం. నేను ఇంతకుముందు చేసిన స్కూల్లో చింతపిక్కలు తీసెయ్యమన్నారు, పేరెంట్స్ అడుగుతా ఉండారు పుస్తకంలో ఏమీ లేదని. నిజంగానే ఒకామె గేటు దగ్గర నిలబడి, ఫీజు కడతా ఉండాము మేడం, వారమంతా ఆటలేనా అనింది. ఆమెని తప్పు పట్టలేను, కష్టపడి సంపాదించిన డబ్బు, చూపించడానికి ఏదో ఒకటి కావాల కదా. కానీ పిక్కలతో నేర్చుకున్నది ఏ పేజీలోనూ కనిపించదు, ఆ తల్లికి ఒక్కరోజు క్లాసులో కూర్చోనిస్తే కనిపిస్తుంది. యాజమాన్యం ఒప్పుకోలేదు. సరే మానేసి వచ్చేసినాను.

రూల్స్ లేవా అంటే బోలెడు ఉన్నాయి. ప్రీస్కూల్ పిల్లలకి రాతపరీక్ష, నోటి పరీక్ష ఏదీ పెట్టొద్దని 2019లోనే కేంద్రం వాళ్ళ పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ చెప్పింది, 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలో ఈ వయసుకి బ్యాగే వద్దని ఉంది, 2021లో కేంద్రం నిపుణ్ భారత్ అనే పథకం పెట్టి 2026-27 కల్లా మూడో తరగతి ముగిసేలోపు ప్రతి పిల్లకీ చదవడం, లెక్కలు అర్థమై రావాలన్నారు. పొద్దున్నే మా వీధిలో ఎల్‌కేజీ పిల్లల భుజాన వేలాడే బ్యాగులు చూడండి. ఎంతో దూరం పోనక్కర్లేదు, మన పాత చిత్తూరు జిల్లాలోనే మదనపల్లి దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్ళు పల్లె బడుల కోసం కార్డులు తయారుచేసి, ఎవరి వేగంలో వాళ్ళు మెట్టు మెట్టు ఎక్కేలా పెట్టినారు, పక్కన తమిళనాడు వాళ్ళు దాన్ని చూసి తమ బడుల్లో పెట్టుకున్నారు. మన టౌను స్కూళ్ళకి మాత్రం అది కనపడలేదు.

అంగన్‌వాడీలో ఆట వస్తువులు ఉంటే టీచరుకి టైం ఉండదు, గుడ్లు, పాలు, బరువులు, ఫోన్లో ఎంట్రీలు, అన్నీ ఆమే. పొద్దున రెండు గంటలు ఆమెని పిల్లలకే వదిలేస్తే చాలు.

విద్యాశాఖ వాళ్ళకి నా మనవి ఏందంటే, ఈ జూన్ లో తిరుపతి, చిత్తూరు రెండు జిల్లాల్లోనూ ప్రైవేట్ స్కూళ్ళ ఎల్‌కేజీ, యూకేజీ క్లాసులకి ఒక్కసారి పోయి బ్యాగుల బరువు చూడండి, పరీక్ష పేపర్లు ఉంటే అడగండి, నెలకి ఒకరోజు తల్లిదండ్రులు క్లాసులో కూర్చునేలా ఆర్డర్ ఇవ్వండి. మీ పేపర్ కి కూడా ఒకటి అడుగుతా ఉండాను ఎడిటర్ గారు, జిల్లా పేజీలో ఆదివారం ఒక మూల చాలు, ఇంట్లో పిల్లలతో ఆడే ఒక ఆట వెయ్యండి, కావాలంటే మొదటిది నేనే రాసి పంపిస్తాను, గుడ్ల అట్టదే.

ఇట్లు,
ఒక యూకేజీ టీచర్,
చిత్తూరు